ఫుల్ ఫ్రేమ్ మోజు, మన లెక్క

మా పక్క 'లెక్క' అంటే దుడ్లు. "లెక్క ఉందా?" అని ఎవరన్నా అడిగితే ఎక్కాలు వచ్చా అని కాదు, జేబులో ఏమన్నా ఉందా అని. కెమెరాల గురించి రాస్తూ ఈ మాటతో ఎందుకు మొదలుపెట్టానంటే, సెన్సార్ సైజు విషయంలో గణితం లెక్క ఒకటి, దుడ్ల లెక్క ఇంకొకటి. మన పిల్లోళ్లు ఈ రెండూ వదిలేసి యూట్యూబ్ వాళ్ల లెక్క పట్టుకుంటున్నారు.

క్యాంపస్‌లో నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, సోనీ ఏ6400 తీసుకోవాలనా, ఏ7 త్రీ తీసుకోవాలనా?" ఏ7 త్రీ 2018లో, ఏ6400 2019లో వచ్చాయి. తర్వాత కొత్త మోడళ్లు చానా వచ్చినా, సెకండ్ హ్యాండ్‌లో మనోళ్ల చేతికి అందేవి ఇవే. పోల్చడానికీ ఇవే బాగుంటాయి. కంపెనీ ఒకటే, లెన్స్ మౌంట్ ఒకటే, రెండింటివీ 24.2 మెగాపిక్సెళ్లే. పెద్ద తేడా సెన్సార్ సైజే. ఏ6400ది ఏపీఎస్-సీ, 23.5 బై 15.6 మిల్లీమీటర్లు. ఏ7 త్రీది ఫుల్ ఫ్రేమ్, 35.6 బై 23.8. గుణించి చూసుకుంటే వైశాల్యంలో రెండోది దాదాపు 2.3 రెట్లు పెద్దది.

నా జవాబు ముందే చెప్పేస్తా. మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మధ్య తిరిగి ఫోటోలు తీసుకునే విద్యార్థికి ఏ6400 చాలు. మిగిలిన లెక్క మంచి లెన్స్ మీద పెట్టండి. పెండ్లిళ్లు తీసి బతకాలనుకునేవాడికి మాత్రం ఏ7 త్రీ కావాల్సి రావచ్చు. అయితే అందుకు కారణం సెన్సార్ కాదు. అది కింద చెప్తా.

పెద్ద సెన్సార్ వల్ల నిజంగా ఒరిగేదేమిటి? వాన పడేటప్పుడు వాకిట్లో ఒక గిన్నె, ఒక గంగాళం పెట్టినామనుకోండి. వానొకటే, పడే సేపూ ఒకటే. గంగాళంలో నీళ్లు ఎక్కువ చేరతాయి, నోరు పెద్దది కాబట్టి. వెలుతురూ అంతే. ఒకే ఎపర్చర్, ఒకే షట్టర్ స్పీడ్ పెడితే పెద్ద సెన్సార్ మీద మొత్తమ్మీద 2.3 రెట్లు వెలుతురు పడుతుంది. నాయిస్ లెక్కలో వర్గమూలం వస్తుంది కాబట్టి, ఆ లాభం ఒకటిన్నర రెట్లు శుభ్రమైన బొమ్మగా తేలుతుంది. ఫోటోగ్రఫీ భాషలో ఒక స్టాప్‌కి కాస్త పైన. అంతే. 'ఫుల్ ఫ్రేమ్ లుక్' అని చెప్పే మాయలో ఎక్కువ భాగం ఈ ఒక్క స్టాపే. జడివానలో గిన్నె కూడా నిండిపోతుంది, అప్పుడు గంగాళం గొప్పతనం ఎవరికీ కనపడదు. చినుకులు పడేటప్పుడే తేడా తెలిసేది.

మన కడప జిల్లాలో వాన తక్కువేమో గానీ ఎండకు కొదవ లేదు. పొద్దున తొమ్మిదికి గండికోట అంచున నిలబడి చూడండి. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్న పోయే ఆ లోయ, ఎర్రటి రాతి పలకలు, అవతల గట్టు. ఐఎస్ఓ 100లో రెండు కెమెరాలతో తీసి, నాకు తెలిసిన నలుగురికి ఫోన్‌లో చూపించి ఏది దేనితో తీసిందో చెప్పమన్నాను. ఒకరు మూడు తప్పులు, ఇద్దరు సగం సగం, నాలుగో ఆయన "రెండూ బాగున్నాయిలేబ్బా" అని ఫోన్ తిరిగిచ్చేసినాడు.

గండికోటలో ఇంకో తిరకాసు ఉంది. అక్కడ అందరికీ కావాల్సిన బొమ్మలో కాళ్ల ముందరి బండరాయీ, కింద నీళ్లూ, దూరపు గట్టూ అన్నీ పదునుగా ఉండాలి. ఏ6400 మీద ఎఫ్ 8 పెడితే వచ్చే లోతు, ఏ7 త్రీ మీద రావాలంటే ఎఫ్ 12 దాకా మూయాలి. అంత మూస్తే పెద్ద సెన్సార్ తెచ్చిన అదనపు వెలుతురు అక్కడికక్కడే పోతుంది. ట్రైపాడ్ మీద షట్టర్ ఎక్కువసేపు తెరిచి, ఆ పోయిన వెలుతురు రాబట్టుకోవచ్చు. సూర్యోదయంలో లోయ నీడలు, పైన మెరిసే ఆకాశం రెండూ దక్కించుకోవాలంటే అప్పుడు ఫుల్ ఫ్రేమ్ నిజంగానే గెలుస్తుంది. కోట లోపల మాధవరాయస్వామి గుడి మండపంలో చీకటిగా ఉండేచోట కూడా ఏ7 త్రీనే హాయి. కానీ అక్కడ గెలిపించేది సైజు కంటే ఎక్కువగా బాడీలో ఉండే స్టెబిలైజేషన్. ఏ6400లో అది లేదు. స్తంభాల మీది శిల్పాలు కదలవు కదా, చేయి వణకకపోతే చాలు, తక్కువ షట్టర్ స్పీడ్‌తో లాగించవచ్చు. ఏ6400 వాళ్లు స్తంభానికే ఆనుకుని ఊపిరి బిగబట్టుకోవాలి. నేను అదే చేస్తుంటా.

ఇక రాత్రి సంగతి. ప్రొద్దుటూరు దసరా తెలియనివాళ్లు మనలో ఉండరు. అమ్మవారిశాల అలంకారం, వీధి నిండా దీపాలు, ఊరేగింపులు, జనం. అక్కడ జనం కదులుతుంటారు, స్టెబిలైజేషన్ ఎందుకూ పనికిరాదు. మామూలు కిట్ లెన్స్ వేసుకుని పోతే ఏ6400లో బొమ్మ ఇసుక చల్లినట్టు వస్తుంది. నిజమే. కానీ అదే కిట్ లెన్స్‌తో ఫుల్ ఫ్రేమ్ కొనుక్కున్నవాడి బొమ్మలోనూ ఇసుకే, కాస్త సన్న ఇసుక. చీకట్లో అసలు పని చేసేది లెన్స్.

ఈ ఒక్క లెక్క చూడండి. ఏ6400 మీద సిగ్మా 56 ఎంఎం ఎఫ్ 1.4 పెడితే, అది ఫుల్ ఫ్రేమ్ మీద 84 ఎంఎం ఎఫ్ 2.1 పెట్టినట్టు. ఏ7 త్రీ మీద సోనీ 85 ఎంఎం ఎఫ్ 1.8 పెట్టండి. రెండింటి మధ్య తేడా అర స్టాప్ కూడా లేదు. బరువు మాత్రం మొదటి జోడీ 403, 280 కలిపి 683 గ్రాములు. రెండోది 650, 371 కలిపి 1021. శమీ దర్శనం రోజు తోపులాటలో మూడు గంటలు చేయి పైకెత్తి నిలబడినవాణ్ని అడగండి ఆ మూడువందల ముప్పై ఎనిమిది గ్రాముల సంగతి. పైగా పరిగెత్తే పిల్లోళ్లని వెంటాడి ఫోకస్ పట్టుకోవడంలో కొత్తదైన ఏ6400 నాకు ఏ7 త్రీ కంటే సులువుగా అనిపించింది. (ఎల్ఈడీ లైట్ల చారలు మాత్రం రెండింటికీ తప్పవు. సైలెంట్ షట్టర్ తీసేసి 1/100 దగ్గర పెట్టుకోండి.)

"ప్రింట్ పెద్దది వేస్తే ఫుల్ ఫ్రేమే కదన్నా?" అనే వాదన ఒకటుంది. పెండ్లి ఆల్బం 12 బై 36 వేస్తారు. రెండు కెమెరాలూ ఇచ్చేది ఆరు వేలు బై నాలుగు వేల పిక్సెళ్లే. ఎంత సాగదీసినా పిక్సెళ్లు పుట్టుకురావు.

మరి పెండ్లి ఫోటోగ్రాఫర్‌కి ఏ7 త్రీ ఎందుకు? నేను సెలవుల్లో ఒక స్టూడియో అన్నతో తిరిగాను, ఎక్కువ జమ్మలమడుగు చుట్టుపక్కల పెండ్లిళ్లు. ఆయన మాట నాకు బాగా నచ్చింది: "గండికోటకు రేపు కూడా పోవచ్చబ్బీ. తాళి రేపు కట్టరు." జీలకర్ర బెల్లం పెట్టేది ఒక్కసారే. ఆ క్షణం ఉన్న మెమరీ కార్డు చెడిపోతే ఆ ఇంటి ముందు నిలబడి ఏం చెప్తాం? ఏ7 త్రీలో రెండు కార్డులు పడతాయి, ప్రతి ఫోటో రెండుచోట్లా రాస్తుంది. ఏ6400లో ఒకటే. బ్యాటరీ కూడా అంతే, కంపెనీ లెక్క ప్రకారం ఒకసారి చార్జికి దీనికి 710 ఫోటోలు, దానికి 410. తెల్లారుజామున ముహూర్తం, ముందురోజు సాయంత్రం నుంచే పని అనేవాడికి ఇవి సెన్సార్ కంటే పెద్ద విషయాలు. కానీ అమ్మేవాళ్లు గాని, వీడియోలు చేసేవాళ్లు గాని రెండో స్లాట్ గురించి ఊరించి చెప్పరు. వెనకాల మసక గురించే చెప్తారు.

ఇంకా చిరాకైన విషయం వేరే ఉంది. ఇప్పుడు పెండ్లివాళ్లే "మీది ఫుల్ ఫ్రేమేనా?" అని అడుగుతున్నారు. బంగారంలో క్యారెట్ అడిగినట్టు. ప్రొద్దుటూరు వాళ్లం కదా, క్యారెట్ అడగడం మనకు పుట్టుకతో వచ్చింది. ఏపీఎస్-సీతో ఏళ్లుగా మంచి పని చేస్తున్నవాళ్లు ఆ ఒక్క ప్రశ్నకు బేరం పోగొట్టుకుంటున్నారు. పోటీకి నిలబడాలని కుర్రోళ్లు అప్పు చేసి బాడీ కొంటారు, లెన్స్‌కి లెక్క మిగలదు, ఫ్లాష్‌కి అసలే మిగలదు. తెల్లటి పెద్ద డబ్బా చేతిలో, లోపల ఎఫ్ 5.6 దాకా మూసుకుపోయే లెన్స్. ఆ లెన్స్ ఎఫ్ 2.8 లెన్స్ కంటే రెండు స్టాప్‌లు చీకటి. అంటే సెన్సార్ ఇచ్చిన ఒక స్టాప్ పోయి, ఇంకొకటి అప్పు.

నేనింత గట్టిగా రాయడానికి కారణం మా జూనియర్ ఒకడు. మంచి కన్నుంది వాడికి. పులివెందుల చీనీ తోటల్లో కాయ కోతకొచ్చిన ఆడవాళ్ల ఫోటోలు కొన్ని తీసినాడు, అడిగి తెచ్చుకున్న పాత కెమెరాతో. ప్లేస్‌మెంట్ వచ్చినా రాకపోయినా పెండ్లిళ్లు తీస్తానంటాడు. ఏ7 త్రీ కోసం వాళ్లమ్మ తన సరుడు కుదువ పెడతానన్నదంట. వడ్డీ నెల నెలా నడుస్తుంది, ముహూర్తాలు నెల నెలా ఉండవు. ఆషాఢంలో, మూఢంలో ఆ వడ్డీ ఎవరు కడతారు?

వాడితో కూర్చుని కాగితం మీద వేసినాం. సెకండ్ హ్యాండ్ ఏ6400, ఒక ఎఫ్ 1.4 లెన్స్, రెండు అదనపు బ్యాటరీలు, ఒక ఫ్లాష్. సరుడు కదిలించకుండా, వాడు ట్యూషన్లు చెప్పి దాచుకున్నదానికి కొంచెం కలిపితే సరిపోతుంది. పెండ్లి ఒప్పుకున్న రోజుకి మాత్రం రెండు స్లాట్ల బాడీ బాడుగకు తెచ్చుకోవాలి, లెన్స్ ఎట్లాగూ దానికీ ఎక్కుతుంది, ఏ7 త్రీ తనే ఫ్రేమ్ కోసుకుని పది మెగాపిక్సెళ్ల ఫోటో ఇస్తుంది. పది మెగాపిక్సెళ్లకి ఆ పెద్ద ఆల్బం షీటు నిండా ఒకే ఫోటో వేస్తే నప్పదు, మూడు నాలుగు ఫోటోలు పెట్టే పేజీకి ఇబ్బంది లేదు. బాడుగ ఆ పెండ్లి లెక్కలోంచే పోతుంది.

వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు గానీ, పోయేముందు అడిగిన మాటకు నా దగ్గర జవాబు లేదు. "వాళ్లు ఫుల్ ఫ్రేమేనా అని అడిగితే ఏం చెప్పాలన్నా?"