పశువైద్యశాలయు భయపడు కుక్కయు

గడచిన వర్షకాలమున మా బోర్డింగు వంటయింటి వెనుకనున్న కట్టెల దొడ్డిలో ఒక ఆడుకుక్క వచ్చి చేరెను. ప్రక్కటెముకలు లెక్కింపవచ్చునట్లుండెను. అన్నము పెట్టుటకే యెవరైన చేయెత్తినను, అది కట్టెల సందున దూరి చాలసేపు వెలికి రాకుండెను. పిల్లలు దానికి చిట్టి యని పేరు పెట్టిరి. మూడు వారములకు చేతినుండి తినసాగెను. ఆఱు వారములకు వాకిట పండుకొనుచు, రాత్రులు కావలి తిరుగు పనిని ఎవరును అప్పగింపకయే పైని వేసికొనెను. అంతట పెద్దలము కొందఱము కూడి, ఇంతమంది పిల్లలు మెలగు చోట టీకా లేని కుక్క యుండరాదని నిశ్చయించి, దానిని పశువైద్యశాలకు కొనిపోయితిమి. మా తప్పు అక్కడనే ప్రారంభమయ్యెను.

మెడకు త్రాడు బిగించి ఆటోలోనికి ఈడ్చితిమి. వైద్యశాలలో నలుగురము పట్టి బల్లపై నదిమితిమి. ఒక సిబ్బందివాడు మెడతోలు పట్టి యెత్తెను. చిట్టి బల్లమీదనే మూత్రము విడిచి, మాలో ఒకరి చేయి కఱచి, త్రాడు తప్పించుకొని వీథిలోనికి పాఱెను. కఱవబడినవారు సబ్బుతో పదునైదు నిమిషములు గాయము కడిగికొని, మనుష్యుల ఆసుపత్రికి పోయి తామే టీకాలు వేయించుకొనవలసి వచ్చెను. కుక్కకు మాత్రము ఆనాడు టీకా పడలేదు. మఱునాటి సాయంకాలమునకు అది మరల కట్టెల సందున చేరెను. నాటినుండి త్రాడు కనబడినను, ఆటో చప్పుడు వినబడినను వణకుచుండెను.

వీథికుక్క మొండిది, రెండు తగిలించిన దారికి వచ్చునని మాకు బుద్ధి చెప్పినవారు పలువురు. ఈ మాట తప్పని చెప్పుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

కొన్నాళ్లకు చిట్టి తల నిమురుచుండగా, దాని యెడమచెవి కొన తిన్నగా కత్తిరింపబడియుండుట మా కంటబడెను. వీథికుక్కలను పట్టి, పిల్లలు పుట్టకుండ శస్త్రము చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటనే విడిచిపెట్టు పద్ధతిని మన దేశమున 2001 నాటి నియమములు ఏర్పఱచినవి. 2023లో వాటి స్థానమున క్రొత్త నియమములు వచ్చినవి. చెవికోత ఆ శస్త్రమునకు గుర్తు. ఆ టీకా మరల మరల వేయింపవలసినది కనుక, ఎన్నడో పడిన దానిని నమ్మి ఊరకుండ వీలులేదు. మేము గ్రహింపనిది మఱియొకటి కలదు. వలలోనో ఉచ్చులోనో పడి, బండిలో కుదుపుల నోర్చి, మందు వాసనగల గదిలో కోతపడి వచ్చిన కుక్క యది. వైద్యశాల యననేమో దానికి మాకంటె బాగుగ తెలియును. మఱియు కుక్కపిల్లకు మూడవ వారము మొదలు ఇంచుమించు పదునాలుగవ వారమువఱకు గల కాలమే మనుష్యుల చేతులకు అలవాటుపడు ముఖ్యకాలము. ఆ వయస్సున మెత్తని చేయి నెఱుగని కుక్క పిదప నేర్చుకొనును గాని, ఆలస్యముగ నేర్చుకొనును.

భయమును ఎట్లు మాన్పవచ్చునో 1924లో మేరీ కవర్ జోన్సు అను అమెరికా విదుషి ప్రకటించెను. పీటరను మూడేండ్ల లోపు బాలుడు కుందేలును జూచి హడలిపోవుచుండెను. వాడు ఇష్టమైనది తినుచుండగా, పంజరములోని కుందేలును దూరమున నుంచి, దినదినము కొంచెము దగ్గఱకు తెచ్చిరి. తుదకు వాడు దానిని తాకి ఆడుకొనెను. ఈ కథలో మాకు మిక్కిలి నచ్చినది నడుమ జరిగిన విఘ్నము. పీటరు జ్వరముతో ఆసుపత్రిలో నుండి తిరిగివచ్చు వేళ, ఒక పెద్దకుక్క మీదికి దుమికెను. కుదిరిన ధైర్యమంతయు ఒక్క క్షణమున పోయెను. మరల మొదటినుండి ఆరంభింపవలసి వచ్చెను.

మేమును అట్లే ఆరంభించితిమి. వైద్యుడు చూచు చెవి, నోరు, గోళ్లు, పొట్ట, వీనిలో నొక్కొక్కదానిని ఇంటనే, రెండుమూడు నిమిషములకు మించకుండ తాకి, తాకిన వెంటనే ఒక ముక్క పెట్టవలెను. వరుస తప్పరాదు. ముక్కను ముందు చూపి పిదప చేయి వేసితిమా, ముక్కయే మోసమునకు గుర్తగును. ఈ పొరపాటు మేమొక వారము చేసి, కుక్క ముక్కను జూచియే తొలగిపోవుట కనుగొంటిమి. పెరుగన్నము ఇంట తినును గాని భయమువేళ ముట్టదు. ఉడికించిన కోడికార్జమునకు మాత్రము లొంగెను. ఉల్లి వేసిన కూరముక్కలు పెట్టకుడు. ఉల్లి కుక్క రక్తమునకు చెఱుపు చేయును. ద్రాక్షయు, చాకొలెట్టును అట్లే విడువదగినవి.

నిద్ర రాకయే ఆవులించుట, పెదవులు నాకుట, కంటితెలుపు కనబడునట్లు ఓరగా చూచుట, తోక ముడుచుట, ఒళ్లు కొయ్యబాఱుట, ఇవి భయచిహ్నములు. కనబడినంతనే చేయి తీసివేయవలెను. గుఱ్ఱుమన్నందుకు కొట్టుట అవివేకము. కొట్టుటచే అది గుఱ్ఱుమనుట మానును గాని భయము మానదు. పిదప హెచ్చరింపకయే కఱచును. భయపడు కుక్కను ఓదార్చిన భయము పెరుగునని కొందఱందురు గాని అది నిజము కాదు.

దూడమూతికి కట్టు చిక్కమును మన పల్లెలవారందఱు నెఱుగుదురు. కుక్కకును బుట్టవంటి చిక్కము దొరకును. అది ధరించియు నోరు తెఱచి వగర్పవచ్చును. గుడ్డతో మూతి బిగించిన వగర్పు సాగదు కనుక ఎండకాలమున అపాయకరము. చిక్కములో కార్జపుముక్క వేసి, కుక్క తానై మూతి పెట్టువఱకు వేచియుంటిమి. పట్టీ బిగించుటకు పదిదినములు పట్టెను.

పిదప, సూదిమందు లేని దినములలోనే చిట్టిని వైద్యశాల యెదుటి వేపచెట్టు క్రిందికి నడిపించి, నాలుగు ముక్కలు పెట్టి తిరిగి వచ్చుచుంటిమి. ఆపైని గేటు, ఆపైని వసారా. ముక్క తిననొల్లనిచో మేము తొందరపడితిమని అర్థము. అప్పుడు నాలుగడుగులు వెనుకకు. ఒకనాడు ఎవరిదో పొట్టేలు కట్టు త్రెంచుకొని మీదికి రాగా, మేమును పీటరువలె మరల వేపచెట్టు క్రిందికి పోవలసి వచ్చెను.

కూలి చేసికొనువారికి ఒక పూట పోయిన ఆనాటి బత్తెము పోవును. వారిని మేము నిందింపము. కాని ఇంట చెవి తాకుటకు రూపాయి ఖర్చు లేదు. కాలు విఱిగినపుడు, విషము తిన్నపుడు ఈ నిదానము పనికిరాదు. దుప్పటి కప్పి, చిక్కము పెట్టి, వెంటనే యెత్తుకొని పోవలసినదే. మిక్కిలి బెదరు కుక్కలకు బయలుదేరుటకు ముందు ఇంటనే ఇచ్చుటకై వైద్యులు గాబపెంటిన్, ట్రజొడోన్ వంటి మందులు వ్రాయుదురు. మనుష్యుల నిద్రమాత్రలను స్వబుద్ధితో ఇయ్యకుడు. మత్తు శస్త్రమున్న దినమున ముక్కలు పెట్టవచ్చునా యని వైద్యుని ముందే యడుగవలెను.

ఒక కుక్కకు ఇంత యేలనని అడుగు తల్లిదండ్రులకు మాదొక మనవి. రేబిస్ లక్షణములు పొడసూపిన పిదప బ్రతికినవారు మిక్కిలి యరుదు. 2030 నాటికి కుక్కకాటు రేబిస్ వలన ఒక్క మనుష్యుడును చావరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుఱి పెట్టుకొన్నది. అందులకు నూటికి 70 కుక్కలకైనను టీకా పడవలెనందురు. పట్టుబడని కుక్క, బెదరు కుక్క, ఇవియే టీకా లేక మిగులునవి. పిల్లల నడుమ తిరుగునవియు నివియే.

మొన్న క్రిస్మసు సెలవులకు ముందు, జనము పలుచబడిన వేళ రమ్మని వైద్యుడు మాకు చెప్పెను. ఆయన చిట్టి ముఖము చూడక ప్రక్కగా నేలపై గొంతుకూర్చుండెను. మా తొమ్మిదవ తరగతి బాలుడొకడు కార్జము పెట్టుచుండగా, తొడకు సూది పడెను. అది ఒకమాఱు వెనుదిరిగి చూచి, మరల ముక్కవైపు మరలెను. బల్ల యెక్కుటకు ఇంకను ఒప్పుకొనదు. అడిగితే వైద్యుడు నవ్వి, తనకు వసారా చాలునని చెప్పెను.