నిండుకుండ తొణకవలసిన వేళ

చేతిలో చెడ్డ ముక్కలు పడినవానికి చింత లేదు. వాటిని పారవేసి ఊరకుంటాడు. సంకటమంతా మంచి ముక్కలు పడినవానిది. బలాన్ని చాటి పందెం పెంచితే ఎదుటివారు బెదరి తప్పుకొంటారేమోనని ఒక భయం. దాచి ఊరకుంటే రాదగిన లాభం చేజారుతుందేమోనని మరొక భయం. పోకరు అనే పాశ్చాత్యుల పేకాటలో ఈ మీమాంస గ్రంథాలకెక్కింది. మన మూడుముక్కలాటకు గ్రంథాలు లేవు గాని, మీమాంస మాత్రం ఉన్నది. గూడూరు, తిరుపతి, అరక్కోణం, కడప వైపులకు నాలుగు రైలుదారులు చీలే మా రేణిగుంట వంటి జంక్షనులో, బండి కోసం కాచుకొన్న నలుగురు తువాలు పరచి పేక కలిపితే చాలు, ఈ ప్రశ్న అక్కడికి వచ్చి కూర్చుంటుంది.

మనవారి మొగ్గు సాధారణంగా గుంభనం వైపే. నిండుకుండ తొణకదన్న సామెతను పేకాటకు కూడా అన్వయించి, బలమున్నవాడు బలహీనునివలె నటించడమే నేర్పరితనమని తలుస్తారు. మూడు ఆసులు పట్టుకొని మొగం వేలవేసుకొన్నవానిని చూచి, ఆట ముగిసిన పిమ్మట అందరూ మెచ్చుకొంటారు. ఈ మెప్పు చాలవరకు అపాత్రదానమని నా అభిప్రాయం. సామెత పాండిత్యానికి సంబంధించినది. పందేనికి దానిని అరువు తెచ్చుకోవడం ప్రమాదం.

ఈ అలవాటు మనకెట్లా అబ్బిందో చూడాలి. మూడుముక్కలాటలో పంచిన మూడే ముక్కలు. తరువాత కొత్తది రాదు. 52 ముక్కల పేకలో మూడేసి ముక్కల కూర్పులు 22,100. వాటిలో మూడూ ఒకే రకంగా పడేవి 52 మాత్రమే. అంటే 425 సార్లకు ఒక్కసారి. అట్టి బలం చిక్కినవాడు ఎంతసేపు దాచినా, ఎదుటివాని మూడు ముక్కలు మెరుగుపడవు. పైగా ముక్కలు చూడకుండా ఆడేవానికి, చూచినవాడు పెట్టే దానిలో సగమే పందెం. అజ్ఞానానికే రాయితీ ఇచ్చే ఆట అది. అక్కడ ఓపిక పట్టినవానికి నష్టం స్వల్పం.

పోకరు అట్లా కాదు. నేడు లోకమంతటా ఆడే పద్ధతిలో ప్రతివాని చేతా రెండు ముక్కలు గుప్తంగా ఉంటవి. నడుమ అందరికీ ఉమ్మడిగా మొదట మూడు, తరువాత ఒకటి, కడపట ఒకటి తెరచి వేస్తారు. తెరచిన ప్రతిమారూ పందెం. మొత్తం ఏడింటిలో ఉత్తమమైన అయిదింటితో గెలుపు. ఇక్కడ కాలం అందరికీ మిత్రమే, బలహీనునికి మరింత మిత్రం. నడుమ మూడు ముక్కలు పడినప్పుడు ఎదుటివాని వద్ద ఒకే రంగువి నాలుగు కూడినవనుకొందాం. అతనికి కనబడని ముక్కలు 47. వానిలో అతనికి కావలసినవి 9. తరువాతి ముక్కతోనే అది కుదిరే అవకాశం నూటికి 19. రెండు ముక్కలూ చూడనిస్తే 35. నడుమ 100 రూపాయలు పోగై ఉండగా మీరు 50 వేస్తే, 150 గెలువడానికి అతడు 50 పెట్టాలి. నాలుగింట ఒకమారైనా గెలుస్తానన్న నమ్మకముంటేగాని ఆ బేరం గిట్టదు. తరువాతి ముక్క మట్టుకు చూస్తే అతనికున్నది అయిదింట ఒకటికి తక్కువ. మీరు బలం దాచి పందెం మానితిరో, అతనికి నష్టమయ్యే బేరాన్ని మీరే ఉచిత దానం చేసినవారవుతారు.

రెండు ఆసులు చేతబడినవాని సంగతీ ఇంతే. ఎదుట ఒక్కడే ఉంటే ఆ జత నూటికి సుమారు 85 మారులు గెలుస్తుంది. నలుగురు నిలిస్తే అది 56కు దిగుతుంది. చప్పుడు చేయక అందరినీ లోనికి రానిచ్చిన గుంభనపు ఆటగాడు తన కోటగోడను తానే పడగొట్టుకొన్నట్లు.

అట్లని దాచడం ఎన్నడూ తగదనలేము. అందుకు మూడు షరతులు కుదరాలి. తరువాత ఏ ముక్క వచ్చినా మిమ్ము మించేవాడు దాదాపు ఉండరాదు. పందెం వేస్తే అందరూ పారిపోయే స్థితి ఉండాలి. నడుమ సొమ్ము ఇంకా స్వల్పమై ఉండాలి. నాలుగు రాజులు చేజిక్కినవాడు తొందరపడనక్కరలేదు. ఎదుటివాడు బుకాయించే స్వభావం గలవాడైతే మరీ మంచిది. అతడే పందెం పెంచుతాడు. ఈ షరతులు కలిసే సందర్భాలు అరుదు. అరుదైనదానిని అలవాటు చేసుకోవడంలోనే తప్పున్నది.

దాచడానికి వెల ఎంతో చెప్పడానికి మనకు పాశ్చాత్య గ్రంథాలు అక్కరలేదు. చిత్తూరు సీమలోని ధర్మరాజుల గుళ్ళ వద్ద పద్దెనిమిది దినాలు భారతం జరుపుతారు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, కడపట అగ్నిగుండం. 2022లో తిరుపతి జిల్లాగా విడివడిన మా ప్రాంతానికీ ఇది పరిచితమే. ఆ కథలో విరాటపర్వం బలం దాచే ఆటయే. బయటపడితే మరల పన్నెండేండ్ల అరణ్యవాసం, ఒక ఏడు అజ్ఞాతవాసం. కనుక భీముడు వంటవాడైనాడు. అర్జునుడు నాట్యం నేర్పినాడు. కీచకుడు నిండుసభలో ద్రౌపదిని తన్నినప్పుడు భీముని చూపు చెట్టుమీదికి పోయింది, కంకుభట్టు వారించినాడు. వారించడం న్యాయమే, షరతు అట్టిది. కాని ఆ గుంభనానికి వెల చెల్లించింది దాచినవారు కాదు, ద్రౌపది. గడువు తీరిన మరునిమిషం అర్జునుడు శంఖం పూరించినాడే గాని, ఇంకొంత కాలం బృహన్నలగా ఉండి వినోదం చూడలేదు. ఎప్పుడు దాచాలో తెలిసినవానికే ఎప్పుడు మానాలో కూడా తెలుస్తుంది.

బలం చూపితే ఎదుటివాడు పారిపోడా అన్న ప్రశ్నకు నలుని కథ సమాధానం. ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూపుతోనే లెక్కించి చెప్పగా, నలుడు అశ్వహృదయమిచ్చి అక్షహృదయం గ్రహించినాడు. పిమ్మట పుష్కరుని వద్దకు పోయి చిన్న పందేలతో మాయపుచ్చలేదు. తన సర్వస్వమూ ఒడ్డి, బాహాటంగా పిలిచినాడు. పుష్కరుడు బెదరినాడా? లేదు, సంతోషించినాడు. అతని కంటికి నలుడు ఇంకా ఓడిపోయిన నలుడే. ఒక్క పందెంతో రాజ్యం మరలి వచ్చింది. నలుని బలాన్ని దాచింది నలుని మౌనం కాదు, పుష్కరుని మనసులో నిలిచిన పూర్వాభిప్రాయం.

ఇరువదవ శతాబ్దిలో గణితవేత్త జాన్ వాన్ నాయ్మన్, ఆర్థికశాస్త్రజ్ఞుడు ఆస్కార్ మార్గెన్‌స్టెర్న్ కలిసి 1944లో ప్రకటించిన గ్రంథంలో పోకరును సరళంచేసి విచారించి, ఇట్టి నిర్ణయానికే వచ్చినారు. బలమైన ముక్కలతో పెద్ద పందెమే వేయాలి. బలహీనమైన వాటితోనూ అప్పుడప్పుడు బుకాయించాలి. బుకాయింపు పట్టుబడినా వ్యర్థం కాదు. ఒకమారు బుకాయించి పట్టుబడినవాడు తరువాత నిజంగా బలంతో పందెం వేసినప్పుడు, ఎదుటివాడు నమ్మక సొమ్ము పెడతాడు. బలాన్ని మౌనంలో దాచనక్కరలేదు, అనుమానంలో దాచితే చాలు. మంచి ముక్కలన్నీ దాచేవాని మౌనమే కొన్నాళ్ళకు చాటింపు అవుతుంది.

మరి ఇంత స్పష్టమైన లెక్క ఉండగా దాచడంపై ఇంత మోజెందుకు? కారణం లాభాపేక్ష కాదనుకొంటాను. కడపట ముక్కలు తెరచి ఎదుటివాని మొగం వాడడం చూడాలన్న కోరిక అది. సొమ్ము పోయినా సరే, ఆ క్షణం కావాలి. అట్టివాడు ఆడేది పేకాట కాదు, పరాభవపు ఆట. శకుని పాచికలకంటె సభలో నవ్విన నవ్వులే కురువంశాన్ని ఎక్కువ దహించినవని భారతం చదివినవారికి చెప్పనక్కరలేదు.

సికిందరాబాదు క్లబ్బు ఒకదాని కేసులో సుప్రీంకోర్టు 1968లో రమ్మీని ప్రధానంగా నేర్పుతో ఆడే ఆటగా, మూడుముక్కలాటను కేవలం అదృష్టపుటాటగా వింగడించింది. పంపకం అదృష్టమే ఐనా పందెంలో బుద్ధి ఉన్నదని ఇంతదాకా చెప్పిన మాటల సారం. కాని బుద్ధి ఉన్నంత మాత్రాన కొంపలు నిలబడవు. డబ్బు పెట్టే ఆన్‌లైను ఆటలను మన రాష్ట్రం 2020లో, పార్లమెంటు 2025లో నిషేధించడం వెనుక ఉన్నది అప్పుల పాలైన కుటుంబాల గోడే. ఎదుటివాని మొగమైనా కనబడని ఆటలో గుంభనానికీ ధైర్యానికీ తావెంత?

సభాపర్వంలో రెండుమారులు ఓడిన ధర్మరాజుకు, నలుని కథ చెప్పిన బృహదశ్వుడు అక్షహృదయం కూడా ఉపదేశించినాడని వ్యాసభారతం చెబుతుంది. అంతకు మించిన ముక్కలు ఎవరి చేతా పడవు. ఆయన దానిని దాచి కౌరవులను మరల జూదానికి పిలువలేదు, చాటి బెదిరించనూలేదు. విరాటుని కొలువులో కాలక్షేపానికి పాచికలు వేసినాడు, అంతే. రాజ్యాన్ని వేరొక చోట వెదకుకొన్నాడు.