చట్టం ఒప్పుకుంటే సరిపోతుందా?

ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘపెద్ద ఒకాయన సెల్‌ఫోన్ పట్టుకుని మా దగ్గరికి వచ్చారు. అవతల ఉన్నది న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న వాళ్ల అబ్బాయి. మా సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పట్టిన పిల్లవాడే. "వందనాలు అయ్యగారూ. నేను ఆఫీసుకు వెళ్లే దారిలో గంజాయి దుకాణం ఉంది. ప్రభుత్వ లైసెన్సుతోనే నడుస్తోంది, వయసు చూసి అమ్ముతారు, పన్ను కడతారు. ఇక్కడ క్రైస్తవ స్నేహితులే కొందరు ఇందులో తప్పేముంది అంటున్నారు. మీరేమంటారు?" అని అడిగాడు. పక్కన నిలబడి వింటున్న తండ్రికి నోట మాట రాలేదు. గంజాయి పేరు వింటే కేసు, సంకెళ్లు తప్ప ఇంకేమీ తట్టని తరం మాది.

ఆ అబ్బాయి చెప్పింది నిజమే. 2020 నవంబరు 3న అధ్యక్ష ఎన్నికలతో పాటే న్యూజెర్సీ ఓటర్లను ఒక ప్రశ్న అడిగారు. 21 ఏళ్లు నిండినవారు గంజాయి వాడటాన్ని చట్టబద్ధం చేయాలా వద్దా అని. దాదాపు 67 శాతం మంది చేయాలన్నారు. 2022 ఏప్రిల్ నుంచి దుకాణాలు తెరుచుకున్నాయి. అంతకుముందే 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు, 2016లో కాలిఫోర్నియా ఇదే విధంగా ఓటు వేశాయి. అయితే గాలి అంతా ఒకే వైపు వీస్తోందనుకోవద్దు. 2024 నవంబరులో ఫ్లోరిడాలో 56 శాతం మంది ఔనన్నా, అక్కడ 60 శాతం కావాలి గనుక ఆ ప్రతిపాదన వీగిపోయింది. ఉత్తర, దక్షిణ డకోటాలు రెండూ అదే రోజున కాదన్నాయి.

ఔనన్నవాళ్లందరూ మత్తుకు బానిసలేనని తీర్పు తీర్చడం సరికాదు. గంజాయి కేసుల్లో నల్లజాతి యువకులే ఎక్కువగా జైలుపాలవుతున్నారన్న బాధతో ఓటు వేసినవారున్నారు. దొంగ వ్యాపారుల చేతికి పోయే డబ్బు బడులకూ రోడ్లకూ రావాలని కోరినవారున్నారు. ఆ మొక్క నుంచి తీసిన ఒక మందును పిల్లల్లో వచ్చే తీవ్రమైన మూర్ఛ వ్యాధులకు 2018లో అమెరికా ప్రభుత్వమే ఆమోదించింది. ఆ తల్లుల కన్నీళ్లు మనకు అడ్డం కాకూడదు.

ఆ అబ్బాయికి మేము మొదట చెప్పింది మాత్రం వాక్యం కాదు, వీసా సంగతి! రాష్ట్రం అనుమతించినా అమెరికా కేంద్ర చట్టంలో గంజాయి ఇంకా నియంత్రిత పదార్థమే. రాష్ట్ర చట్టం ఒప్పుకున్నా సరే, గంజాయి వాడినట్టు తేలితే పౌరసత్వ దరఖాస్తుకు అడ్డు రావచ్చని అక్కడి వలస శాఖ 2019 ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది. ఈ మాట వినగానే అతడు "అలాగా అయ్యగారూ, ఇక దాని జోలికి పోను" అన్నాడు. తండ్రి ముఖం వికసించింది. మాకు మాత్రం ఆ రాత్రి మనసు మనసులో లేదు. వీసాకు భయపడి మానినవాడు రేపు గ్రీన్‌కార్డు వచ్చాక ఏం చేస్తాడు?

మన దేశంలో ఇలాంటి వాటిపై ప్రజల ఓటు ఉండదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టమే ఆధారం. ఆ చట్టంలోనూ పూత, కాయ ఉన్న కొనలనే గంజాయి అన్నారు. విడి ఆకు ఆ నిర్వచనంలోకి రాదు కాబట్టే కొన్ని రాష్ట్రాల్లో భంగు దుకాణాలు నడుస్తున్నాయి. 2020 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి కమిషన్ గంజాయిని అత్యంత ప్రమాదకర పదార్థాల జాబితా నుంచి 27-25 ఓట్లతో తొలగించినప్పుడు మన దేశం తొలగించాలనే ఓటు వేసింది. మందులకు, నారకు గంజాయి సాగును అనుమతించాలన్న నివేదికను 2024 సెప్టెంబరులో హిమాచల్‌ప్రదేశ్ శాసనసభ ఆమోదించింది. కనుక ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనే వీలు లేదు.

ఆ మాటకొస్తే మన గుమ్మం ముందే ఉంది. విశాఖ మన్యం నుంచి చెన్నై వైపు పోయే రైళ్లు తెనాలి, బాపట్ల మీదుగానే పోతాయి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు దాదాపు రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. 2024 చివర్లో ప్రభుత్వం ఈగల్ అనే ప్రత్యేక విభాగాన్నే ఏర్పాటు చేసింది. సెలవు రోజున సూర్యలంక తీరానికి వచ్చే వేలమంది కుర్రకారులో మన పిల్లలూ ఉన్నారు.

ఇక వాక్యానికి వద్దాం. గంజాయిని సమర్థించే విశ్వాసులు ఆదికాండం మొదటి అధ్యాయం 29వ వచనం చూపిస్తారు. విత్తనమిచ్చే ప్రతి చెట్టునూ దేవుడు మనిషికి ఇచ్చాడు కదా అని. ఉమ్మెత్తకూ విత్తనాలుంటాయి, ఎవరూ తినరు! వ్యతిరేకించే బోధకులు గలతీ పత్రిక ఐదో అధ్యాయంలోని 'అభిచారము' అన్న మాట పట్టుకుని, గ్రీకులో దాని మూలం మందులకు సంబంధించినది గనుక పౌలు మాదకద్రవ్యాలనే నిషేధించాడంటారు. మేము చదువుకున్నంత వరకు అక్కడి భావం మంత్రతంత్రాలే. మంచి సంగతి కోసమైనా సరే, మాటను మెలిపెట్టకూడదు.

మాకు తోచిన చోటు మొదటి కొరింథీ ఆరో అధ్యాయం 12వ వచనం. అన్నిటికీ మాకు అనుమతి ఉంది అన్నది అసలు కొరింథువారి నినాదమని పండితులు చాలామంది అంటారు. పౌలు ఆ అనుమతి గురించి వాళ్లతో వాదానికి దిగలేదు. అది మేలు చేస్తుందా, అది నిన్ను ఏలుతుందా అని అడిగాడు. రోమా చట్టంలో ఏముందన్న ఊసే ఎత్తలేదు. ఇక ప్రభువు సంగతి చూడండి. సిలువ దగ్గర బోళం కలిపిన ద్రాక్షారసం ఇస్తే ఆయన పుచ్చుకోలేదని మార్కు రాశాడు. అంతమాత్రాన నొప్పితో ఉన్నవాడికి మందు ఇవ్వకూడదని ఎక్కడా చెప్పలేదు. నశించేవాడికి మద్యమివ్వమని సామెతల గ్రంథమే చెబుతోంది. మందు వేరు, మరపు కోసం మత్తు వేరు.

చట్టం చెప్పిందే మన తీర్పు అయితే ఏమవుతుందో మన రాష్ట్రంలోనే చూశాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో సారా పోయింది. 1994 ఎన్నికల్లో ఆడవాళ్లు వేసిన ఓటు బలంతో 1995 జనవరి 16న సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. అప్పట్లో మా ప్రసంగాల్లో మద్యం ఆగడాలు చెప్పని వారం లేదు. 1997లో నిషేధం ఎత్తేశారు. మెల్లగా మా గొంతు కూడా తగ్గింది. ఖజానాకు ఆదాయం, లైసెన్సు ఉన్న దుకాణం, దాని ఓనరు మన కానుకల పుస్తకంలో పేరున్నవాడు. 2024 అక్టోబరులో ప్రైవేటు దుకాణాలకు లాటరీలు తీసినప్పుడు ఎన్ని సంఘాల్లో ఒక్క మాటైనా వినిపించింది? తాగుడు వల్ల విధవలైన తల్లులు మన బల్లల మీదే కూర్చున్నారు.

చట్టం శిక్షించే చోట అయితే మేము ఇంకా కఠినులమయ్యాం. మా సంఘంలో ఒక తల్లి ఉంది. చేపల వ్యాపారంతో పిల్లల్ని పెంచుకుంది. కొడుకు ఎవరో ఇచ్చిన సంచీతో దొరికిపోయాడు. 20 కిలోలకు తక్కువే గనుక పదేళ్ల కనీస శిక్ష వర్తించలేదు గాని, రిమాండు తప్పలేదు. ఆ కబురు తెలిశాక మూడు ఆదివారాలు ఆమె ప్రభువు బల్ల దగ్గరికి రాలేదు. రమ్మని ఎవరూ పిలవలేదు, మాతో సహా. కొడుకు రెండేళ్లుగా పీలుస్తున్నాడని ఆమెకు ముందే తెలుసట. ఆస్పత్రికి తీసుకెళ్తే పోలీసులకు చెప్తారని భయపడిందట.

ఆమెకు తెలియనిది, మేము చెప్పాల్సి ఉండీ చెప్పనిది ఒకటుంది. మత్తుకు అలవాటుపడినవాడి మీద వాడకం కేసో, చిన్న మొత్తం కేసో ఉన్నా, తానుగా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో చేరి చికిత్స పూర్తి చేసుకుంటే ఆ కేసులో విచారణ నుంచి మినహాయింపు దొరికే వీలును అదే చట్టంలోని 64ఎ సెక్షన్ ఇస్తోంది. గంజాయి విషయంలో చిన్న మొత్తం అంటే కిలో వరకు. వ్యసనం నుంచి బయటపడటానికి సలహా కావాలంటే 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మా అబ్బాయి సంచీ బరువుకు ఆ మినహాయింపు రాదు. కాని రెండేళ్ల కిందటే ఆ తల్లి చెవిన ఈ మాట వేసి ఉంటే ఆ సంచీ అతని చేతికి వచ్చేదా?

న్యూజెర్సీ అబ్బాయికి మళ్లీ ఫోన్ చేశాం. వీసా మాట పక్కనబెట్టి ఈసారి పౌలు అడిగిన రెండు ప్రశ్నలే అడిగాం. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయ్యగారూ, మా గదిలో ఉండే కుర్రాడు ఒకడు అది లేకుండా నిద్రపోలేకపోతున్నాడు, వాడికేం చెప్పమంటారు?" అన్నాడు. ఆ మాట మొదటే అడగాలనుకున్నాడేమో.

ఈ సోమవారం మా పెద్దల్లో ఇద్దరం ములాఖత్‌కు వెళ్తున్నాం. ఆ తల్లి కూడా వస్తానంది. ఎప్పుడూ మాట్లాడని మా సంఘపెద్ద, న్యూజెర్సీ అబ్బాయి తండ్రి, కారు తానే తెస్తానన్నారు.