సరూపతకు దీపం చాలు

మా రొద్దంలో నేనడిగిన పిల్లలు సరూప పటాల నిర్వచనాన్ని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పారు: అనురూప కోణాలు సమానం, అనురూప భుజాలు అనుపాతంలో. భుజాలు రెట్టింపైతే వైశాల్యమెంతంటే మాత్రం, రెట్టింపేనన్నారు! దోషం పిల్లలది కాదు, నిర్వచనాన్ని మింగించిన బోధనది.

ధర్మవరం చెంతనే నిమ్మలకుంట ఉన్నది. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారులు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించింది. ఆ కళను వార్షికోత్సవాలకే వదిలి, గణితం గడప తొక్కనీయరెందుకు? చిన్న దీపానికి 2 మీటర్ల దూరాన తెర కట్టి, 1 మీటరు దూరాన, తెరకు సమాంతరంగా బొమ్మను నిలపండి. నీడ ఎత్తు రెండింతలు, వైశాల్యం నాలుగింతలు. బొమ్మను వాల్చితే సరూపత చెదురుతుంది. పరికరాలు లేవంటారు కొందరు అయ్యవార్లు. కొవ్వొత్తికి కూడా నిధులు మంజూరు కావలెనా?