ఖాళీ వీధిలో ఇద్దరు

పిల్లలూ! పాత పెట్టెలు సర్దేటప్పుడు వెనక ఏమీ రాయని ఫోటోలు ఒకటో రెండో బయటపడుతూంటాయి. ఏదో వీధి, ఏవో మేడలు. ఏ ఊరిదో, ఏ ఏటిదో అమ్మమ్మ నడిగినా చెప్పలేదు. అలాటి ఫోటో ఎక్కడిదో, ఎప్పటిదో తేల్చటం దొంగ జాడ తియ్యటం వంటి పనే. ఈ నెల మనం పారిస్ నగరంలో తీసిన ఒక ఫోటో జాడ తీద్దాం. ఈ విద్య నేర్చుకోవటానికి అది మహా మంచి ఫోటో.

ముందు అందులో ఏమున్నదో చూడండి. ఎత్తయిన మేడ కిటికీలోనుంచి తీసినట్టున్నది. కింద వెడల్పాటి వీధి వంపు తిరిగి పోతున్నది. రెండు పక్కలా ఆకులతో గుబురుగా చెట్లు, వాటి వెనక మేడలు. ఇంత పెద్ద వీధిలో ఒక్క బండి లేదు, గుర్రం లేదు, జనం లేరు! ఊరు పాడుపడిందా అనిపిస్తుంది. పరీక్షగా చూస్తే ఒక మూల ఒక మనిషి, ఒక కాలు పైకెత్తి నిలబడి, బూట్లు పాలిష్ చేయించుకుంటున్నాడు.

మిగిలిన జనమంతా ఏమైనట్టు?

జనం ఉన్నారు, బళ్లూ ఉన్నాయి. ఈ ఫోటో తీసిన డాగేరు అనే ఫ్రెంచివాడు వెండిపూత వేసిన రాగిరేకు మీద బొమ్మ పట్టే పద్ధతి కనిపెట్టాడు. ఆ రేకు మీద బొమ్మ పడాలంటే కొన్ని నిమిషాలపాటు వెలుతురు తగులుతూ ఉండాలి. అంతసేపూ కదలక ఉన్న మేడలు, చెట్లు బొమ్మలో పడ్డాయి. నడిచిపోయినవాళ్ల జాడ కూడా మిగలలేదు. బూట్లకోసం నిలబడ్డవాడు, వాటిని తుడిచినవాడు మాత్రం మిగిలారు. కనక వీధి ఖాళీగా ఉండటమే మనకు దొరికిన మొదటి ఆనవాలు: ఇది ఫోటోలు పుట్టిన కొత్తల్లోది!

ఇక చోటు సంగతి. పెద్ద పెద్ద తెరల మీద చిత్రాలు వేసి, వాటి మీద వెలుతురు మార్చి జనానికి చూపించే డయోరమా అనే ప్రదర్శనశాల డాగేరుకు ఉండేది. ఆయన మకాం కూడా అక్కడే. దానికి దగ్గరలోదే బూల్వార్ ద్యు తాంప్ల్ అనే ఈ వీధి. అక్కడి నాటకశాలల్లో రోజూ హత్యలూ దొంగతనాలే ఆడేవారు గనక జనం వేళాకోళంగా దాన్ని నేరాల వీధి అనేవారు. ఇప్పుడు వెళ్లి వెతికితే ఆ నాటకశాలలు కనిపించవు. కొత్త రోడ్లకోసం 1862లో వాటిలో చాలా భాగం పడగొట్టేశారు. పోనీ, ఆనాటి పటం తెచ్చి పోల్చుదామంటే ఇంకో చిక్కున్నది. డాగేరు రేకుల మీద అద్దంలోలాగే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. ఆ ఫోటోను అద్దంలో చూస్తేగాని వీధి సరిగా కనిపించదు. ఈ కిటుకు తెలియకపోతే ఎంత తెలివిగలవాడైనా తప్పుదారి పడతాడు!

ఇక మిగిలింది తేదీ. టెలిగ్రాఫుతో పేరు పొందిన మోర్స్ దొర 1839 మార్చి 7న డాగేరు ఇంటికి వెళ్లి ఈ బొమ్మలు చూశాడు. ఎప్పుడూ జనంతో కిటకిటలాడే వీధి నిర్మానుష్యంగా ఉన్నదనీ, బూట్లు తుడిపించుకునే మనిషి ఒక్కడే కనిపిస్తున్నాడనీ ఇంటికి ఉత్తరం రాశాడు. ఆ మర్నాడే, డాగేరు మోర్స్‌ను చూడబోయిన సమయంలో, డయోరమా కాలి బూడిద అయింది.

కనక ఫోటో ఆ మార్చికి ముందుది. మరి మార్చి మొదట్లో పారిస్‌లో చెట్లు చలికి మోడులై ఉంటాయే! ఫోటోలో ఆకులున్నాయి. అంటే ఆ చలికాలానికి ముందే, 1838లో తీసి ఉండాలి. ఇంకా వెనక్కు పోదామంటే డాగేరు పద్ధతి 1837లోగాని కుదురుకోలేదు. అందుకే చరిత్రకారులు 1838 అని రాస్తారు. చెట్ల ఆకులు ఎంత పని చేశాయో చూశారా?

డాగేరు ఈ ఫోటోను 1839లో బవేరియా రాజుకు కానుకగా పంపాడు. ఆ రేకు మీది బొమ్మ తరవాత పాడయింది. ఇప్పుడు మనం చూసేది దాని నకలు. మనకు తెలిసినంతలో ఫోటోలో పడ్డ మొట్టమొదటి మనుషులు ఆ ఇద్దరే. పారిస్‌లో ఎందరో గొప్పవాళ్లుండగా ఆ అదృష్టం ఒక బూట్ పాలిష్ వాడికి పట్టింది. పాపం, వాళ్లిద్దరి పేర్లూ ఎవరూ రాసిపెట్టలేదు.

ఇప్పుడు మీ వంతు. హైదరాబాదులో చార్మినారు వీధిని చూపే పాత ఫోటో ఒకటి మీకు దొరికిందనుకోండి. అందులో చార్మినారు మీద గడియారాలు లేవు. ఆ గడియారాలు పెట్టింది 1889లో. మరి ఆ ఫోటో గురించి మీరేమి చెప్పగలరు?