తప్పు తెర మీద కాదు.. బోటు అడుగున!

కాకినాడ: ఏటా ఏప్రిల్ 15 రాగానే సముద్రంలో వేట ఆగిపోతుంది. జూన్ 14 వరకు 61 రోజులపాటు మరబోట్లకు విశ్రాంతి. ఈ రోజుల్లోనే బోట్లను గట్టుకు లాగుతారు. అడుగున పట్టిన గుల్లలు గీకుతారు. పలకల సందులు పూడ్చి రంగులు వేస్తారు. ఇంజను విప్పి బాగు చేయిస్తారు. చిరిగిన వలలు కుట్టుకుంటారు. ఇన్ని పనులకు డబ్బు, ఓపిక వెచ్చించే యజమానులు బోటు అడుగున ఉండే గుప్పెడంత పరికరాన్ని మాత్రం మరచిపోతున్నారు. తీరా వేట మొదలయ్యాక యంత్రం లోతు తప్పు చెబుతోందని వాపోతున్నారు. దుకాణదారుడిని తిడుతున్నారు. తప్పు చాలాసార్లు యంత్రంలో ఉండదు. దాన్ని బిగించిన తీరులో ఉంటుంది.

ఆ పరికరం పేరు ట్రాన్స్‌డ్యూసర్. డ్రైవరు గదిలో వెలిగే ఎకో సౌండర్ తెరకు నోరు, చెవి రెండూ ఇదే. ఇది నీటిలోకి శబ్దాన్ని వదులుతుంది. శబ్దం సముద్రం అడుగుకు తగిలి తిరిగివస్తే వింటుంది. పోయి వచ్చిన కాలాన్ని బట్టి యంత్రం లోతు లెక్క కడుతుంది. ఉప్పునీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. అంటే 15 మీటర్ల లోతుకు వెళ్లి రావడానికి సెకనులో యాభయ్యో వంతు చాలు. ఇంత సూక్ష్మమైన పనికి మధ్యలో గాలి బుడగలు అడ్డం వస్తే శబ్దం అక్కడే చెదిరిపోతుంది. చెవిలో దూది పెట్టుకున్నవాడిని దారి అడిగినట్లే.

వెనుకటి రోజుల్లో తాడుకు సీసపు గుండు కట్టి నీటిలోకి దించేవారు. తడిసిన తాడును బారలతో కొలిచేవారు. బార అంటే ఆరడుగులు. తాతల నాటి ఆ గుండుకు బ్యాటరీ అక్కరలేదు, అబద్ధం అసలే రాదు. యంత్రం వచ్చాక తాడు మూలన పడింది. యంత్రం రావడం మంచిదే. తాడును పారేయడమే పొరపాటు.

ఎక్కడ బిగించాలి?

చెక్క బోటుకు, ఇనుప బోటుకు అడుగున రంధ్రం చేసి ట్రాన్స్‌డ్యూసర్‌ను అమర్చడం మేలైన పద్ధతి. ముందు కొస నుంచి కొలిస్తే బోటు పొడవులో మూడో వంతుకు, సగానికి మధ్య ఉన్న చోటు దీనికి తగినది. మరీ ముందుకు పెడితే కెరటం కోసినప్పుడు పుట్టే బుడగలు కమ్ముతాయి. మరీ వెనక్కు పెడితే పంకా రేపే నురుగు, ఇంజను అదురు దాన్ని చెవిటిదాన్ని చేస్తాయి. దానికి ముందు నీటి గొట్టం, బొడిపె, పలక అంచు వంటివి ఉండరాదు. వాటిని దాటి వచ్చే నీరు సుడి తిరిగి బుడగలు తెస్తుంది.

బోటు అడుగు బల్లపరుపుగా ఉండదు, ఏటవాలుగా ఉంటుంది. ఆ వాలు మీదే నేరుగా బిగిస్తే శబ్దం కిందికి పోకుండా పక్కకు పోతుంది. అప్పుడు లోతు ఉన్నదానికంటే ఎక్కువగా చూపవచ్చు, తెర మీద అడుగు గీత మసకబారవచ్చు. అందుకే వాలుకు తగ్గట్టు కోసిన దిమ్మెను మధ్యలో పెట్టాలి. బోటు నీటిలో తేలుతున్నప్పుడు ట్రాన్స్‌డ్యూసర్ ముఖం తిన్నగా కిందికి చూడాలి. గట్టు మీద బోటు ఒక పక్కకు ఒరిగి ఉంటుంది కనుక అక్కడ కంటిచూపును నమ్ముకోరాదు.

చెక్క నీళ్లు తాగి ఉబ్బుతుందని ఏ వడ్రంగికీ చెప్పనక్కరలేదు. గట్టు మీద నట్టును ప్రాణం పెట్టి బిగిస్తే, నీటిలో దించాక చెక్క ఉబ్బి పరికరం పగిలే ప్రమాదం ఉంది. మొదట మితంగా బిగించి, బోటు దించి చెక్క ఉబ్బాక చివరి బిగింపు చేయాలి. ఆ రోజంతా నీరు ఊరుతోందేమో చూస్తూ ఉండాలి. అడుగుకు వేసే రంగును ట్రాన్స్‌డ్యూసర్ ముఖానికి కూడా పూసేయడం మరో పొరపాటు. కొన్ని రంగుల్లోని ద్రావకాలు దాని ప్లాస్టిక్‌ను తినేస్తాయి. నీటితో కలిసే రకం రంగునే పలచగా వేయాలి. పట్టిన గుల్లలను కత్తితో గీకకుండా మెత్తగా తుడవాలి.

ఫైబర్ బోట్ల సంగతి

చిన్న ఫైబర్ బోట్లకు వెనుక పలకకు బిగించుకోవచ్చు. పంకాకు కనీసం 40 సెంటీమీటర్ల దూరం ఉండాలి. వెనుక నిలబడి ముందుకు చూసినప్పుడు పంకా గడియారం ముల్లులా తిరుగుతుంటే కుడి పక్కన బిగించాలి. అక్కడ రెక్కలు కిందికి దిగుతాయి కనుక బుడగల బెడద తక్కువ. పరికరం బోటు అడుగు కంటే సుమారు 3 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. వేగం పెంచితే గీత మాయమవుతోందంటే కొద్దికొద్దిగా కిందికి దించి చూడాలి. వెనుక నీరు చిమ్ముతోందంటే మరీ దిగిందని అర్థం.

రంధ్రం చేయకుండా లోపల అతికించే పద్ధతీ ఉంది. ఫైబర్ పొర గట్టిగా, ఒక్కటిగా ఉన్నచోటే అది పనిచేస్తుంది. మధ్యలో చెక్క గాని, ఫోమ్ గాని ఉంటే శబ్దం దాటదు. అతికించేముందు నీళ్లు నింపిన ప్లాస్టిక్ సంచిలో పరికరాన్ని పెట్టి, అడుగుకు ఆనించి, తెర చూసుకుంటే ఆ చోటు మంచిదో కాదో తేలిపోతుంది. జిగురులో ఒక్క బుడగ కూడా మిగలరాదు.

తెర నిండా చుక్కలు పడుతుంటే ఒక చిన్న పరీక్ష చాలు. లంగరు వేసి, ఇంజను ఆపి, బ్యాటరీ మీదే యంత్రాన్ని నడపాలి. తెర శుభ్రంగా ఉంటే, నిలిచిన బోటులోనే ఇంజను వేగం పెంచాలి. అప్పుడు చుక్కలు వస్తే దోషం కరెంటు తీగలది. ట్రాన్స్‌డ్యూసర్ తీగను ఇంజను తీగలకు దూరంగా లాగాలి. మిగిలిన తీగను కోయకుండా చుట్టి పెట్టాలి. అలా కాక బోటు పరుగెత్తినప్పుడే గీత చెదిరితే దోషం బుడగలది, అంటే బిగించిన చోటుది.

ప్రాణాల మీదకు తెచ్చే లెక్క

అన్నిటికంటే ముఖ్యమైనది లోతు లెక్క. యంత్రం నీటి పైభాగం నుంచి కొలవదు, తన ముఖం నుంచి కొలుస్తుంది. ఉదాహరణకు ఒక బోటు ట్రాన్స్‌డ్యూసర్ నీటికి 1.2 మీటర్ల కింద ఉందనుకుందాం. దానికంటే అడుగు దూలం మరో 30 సెంటీమీటర్లు కిందికి దిగి ఉంది. తెర మీద 1 మీటరు కనిపించింది. అంటే మొత్తం నీరు 2.2 మీటర్లు. దూలం కింద మిగిలింది 70 సెంటీమీటర్లే. ఇదే యంత్రంలో ఎవరో మొత్తం నీరు చూపేలా మార్చి పెడితే తెర 2.2 అంటుంది. కొత్త డ్రైవరు తన బోటు కింద రెండు మీటర్లకు పైగా నీరు ఉందనుకుంటాడు. ఒక్క కెరటం కిందికి దిగితే దూలం ఇసుకకు తగులుతుంది.

మీటర్లా, అడుగులా, బారలా అన్నది మరో చిక్కు. తెర మీది 10 మీటర్లయితే అయిదున్నర బారలు. అదే 10 అడుగులయితే రెండు బారలు కూడా లేదు.

గోదావరి ఒండ్రుతో ఏర్పడిన హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె కాకినాడ తీరానికి తుపాను కెరటాల నుంచి అడ్డుగోడ. అయితే తిన్నెలు కట్టే ఆ ఇసుకే ఏటి మొగల్లోనూ మేట వేస్తుంది. నిరుడు బోటు నడిచిన దారి ఈ ఏడు అలాగే ఉంటుందన్న హామీ లేదు. రాత్రివేళ, పాటు నీటిలో, గాలి మొదలయ్యాక తిరిగొచ్చే బోటుకు ఆ అంకె ఒక్కటే ఆధారం. అది తప్పయితే పోయేది వేట మాత్రమే కాదు. బోటు ఒరిగితే ఎన్ని ఇళ్లలో పొయ్యి ఆరిపోతుందో తీర గ్రామాలకు తెలుసు.

అందుకే ప్రతి బోటూ వేటకు వెళ్లేముందు నిశ్చలమైన నీటిలో గుండు తాడు దించి తెర అంకెతో సరిచూసుకోవాలి. తెర మీది అంకె నీటి పైనుంచా, దూలం కింద నుంచా, ఏ కొలతలో అన్నది డ్రైవరు గదిలో రంగుతో రాసిపెట్టాలి. డ్రైవర్లు మారుతుంటారు, గోడ మీది రాత మారదు.

బాధ్యత ఎవరిది?

యంత్రం అమ్మినవారి మెకానిక్‌కు తెర తెలుసు, చెక్క తెలియదు. వడ్రంగికి చెక్క తెలుసు, శబ్దం సంగతి తెలియదు. ఇద్దరూ వేర్వేరు రోజుల్లో వచ్చి పోతే నష్టపోయేది యజమాని, కళాసీలు. రంధ్రం చేసే రోజున ఇద్దరినీ ఒకేచోట నిలబెట్టడం యజమాని పని. యంత్రం బిగించి తాళాలు ఇచ్చినంత మాత్రాన డబ్బు చెల్లించకుండా, నీటిలో నడిపి చూపాకే చెల్లించాలి.

రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ కాకినాడలోనే ఉంది. మత్స్యకారులకు సాంకేతిక శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ శాఖ విశాఖపట్నంలో ఉంది. శిక్షణకు మత్స్యకారులు తరగతి గదికి రావాలని చూడకుండా, నిషేధం రోజుల్లో ఆ నిపుణులే బోట్లు లాగిన గట్టుకు రావాలి. ఒక్క బోటు అడుగున బిగించి చూపితే చుట్టూ ఉన్న యాభై మంది నేర్చుకుంటారు. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. మత్స్యశాఖ తలచుకుంటే చాలు.

యజమానులు కూడా అధికారుల కోసం ఎదురుచూస్తూ కూర్చోరాదు. బోటు నీటిలో ఉన్నప్పుడు అడుగు కనబడదు. గట్టు మీద ఉన్న ఈ 61 రోజుల్లోనే ఒక్క పూట వంగి చూడాలి.