విజిల్ లెక్క ఎవరిది?

రెండు నెలల కిందట ఒక ఆదివారం మా ఇంట్లో పప్పు మాడింది. పప్పు మాడడం కొత్తేమీ కాదు గానీ, ఆవేళ దాని మీద జరిగిన వాదన మాత్రం ఇంకా నా బుర్రలో తిరుగుతూనే ఉంది.

డాబా మీద ఎండబెట్టిన వడియాలు తేవడానికి వెళ్తూ, "మూడు విజిల్స్ రాగానే స్టవ్ ఆపండి" అని మావారికి చెప్పాను. "ఊఁ" అన్నారు. హాల్లో, కుక్కర్‌కి పదడుగుల దూరంలో, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు. డాబా మీదున్న నాకు అయిదో విజిల్ వినపడింది. పరుగున మెట్లు దిగేసరికి మాడు వాసన. అడిగితే, "ఒక్క విజిలూ రాలేదే!" అన్నారు.

"వినపడక కాదు, వినాలని లేక" అన్నాను. ఆయన ఒట్టు పెట్టుకున్నారు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఇలాంటి ఒట్లు ఎన్ని చూశానో!

డిగ్రీలో సైకాలజీ చదువుతున్న మా అమ్మాయి మధ్యలోకి వచ్చింది. "అమ్మా, నాన్న నటించడం లేదు. నిజంగానే వినపడి ఉండదు" అంది. 2011లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో మెక్‌డొనాల్డ్, లావీ అనే ఇద్దరు పరిశోధకులు దీన్నే పరీక్షించారట. కంటికి తేలికైన పని ఇచ్చినప్పుడు చిన్న శబ్దాన్ని చాలామంది విన్నారు. కంటికి కష్టమైన పని ఇచ్చినప్పుడు అదే శబ్దం ఎక్కువమందికి తెలియనే లేదు. చెవికి జబ్బేమీ లేదు. మనసు దగ్గరున్న ధ్యాసంతా కన్నే ఖర్చు పెట్టేసింది, అంతే.

అంతకు చాలా ముందే, 1953లో, కోలిన్ చెర్రీ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఒక్కో చెవిలో ఒక్కో మాట వినిపించి, ఒకదాన్ని మాత్రం పైకి చెబుతూ ఉండమన్నాడట. రెండో చెవిలో ఏ భాష మాట్లాడారో కూడా వాళ్ళు చెప్పలేకపోయారు. 1959లో మోరే అనే ఆయన ఆ రెండో చెవిలో వినేవాళ్ళ పేరే పలికిస్తే, మూడోవంతు మందికి మాత్రం అది అందింది. సొంత పేరుకున్న బలం అలాంటిది. మనకైతే "అమ్మా" అన్నది కూడా సొంత పేరే కదా!

సరే, మావారు అబద్ధమాడలేదు. ఒప్పుకున్నాను. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కన్ను నిండితే చెవి మూసుకోవడం మనిషి నైజమైతే, నా చెవి ఎందుకు మూసుకోదు? నేనేమైనా వేరే మట్టితో చేసిన మనిషినా?

జవాబు నా తలగడ పక్కనే ఉంది. విజయవాడ పుస్తక ప్రదర్శనలో ముచ్చటపడి కొనుక్కున్న నవల. ఏడాది దాటినా నలభయ్యో పేజీలోనే ఉంది. చదువుతూంటే ఒక చెవి కుక్కర్ మీద, ఒకటి వాకిట్లో కూరగాయల బండి మీద. ముక్కు పాల గిన్నె మీద. కన్ను వాక్యం చివరిదాకా వెళ్తుంది, మనసు వెళ్ళదు, మళ్ళీ మొదటికి. నా చెవి గొప్పదేం కాదండీ. నా కన్నుని ఎప్పుడూ పూర్తిగా నిండనివ్వలేదు, అదీ సంగతి.

దీనికి మనవాళ్ళు పెట్టిన ముద్దుపేరు అష్టావధానం. "ఆడవాళ్ళు పుట్టు అవధానులమ్మా" అంటారు పెళ్ళిళ్ళలో పెద్దలు. చిన్నప్పుడు మా తాతయ్యతో నిజం అవధానమే చూశాను. అవధాని ఎనిమిది పనులూ ఒక్కసారే చేయడు. నిషిద్ధాక్షరి దగ్గర ఒక పాదం, సమస్య దగ్గర ఒక పాదం, అలా వరసగా తిరిగొస్తాడు. వరసతో పని లేకుండా ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేవి రెండే: అప్రస్తుత ప్రసంగి మాట, గంట. పద్యం కడుతూనే గంటలు లెక్కపెట్టుకుని చివర్లో చెప్పాలి. మన విజిల్ లెక్క అచ్చం అదే! కాకపోతే ఆయనకు సభ ముగుస్తుంది, శాలువా కప్పుతారు. మనకి రాత్రి పాలు తోడు పెట్టేదాకా గంట మోగుతూనే ఉంటుంది.

ఇంటిపని పంచుకోవడం గురించి చాలా మాట్లాడుకుంటున్నాం. మంచిదే. కానీ పంచుకుంటున్నది చేతిపనే. కూర తరుగుతారు, బట్టలు ఆరేస్తారు. "చెబితే చేస్తానుగా" అంటారు. చెప్పాలంటే ముందు ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలిగా? ఆ కాపలా పని ఎవరి లెక్కలోకీ రాదు. చేతులు ఖాళీగా ఉంటే విశ్రాంతి అనుకుంటారు. చెవి డ్యూటీలో ఉంటే అది విశ్రాంతి కాదు. ఇది మావారితో గొడవ పడేదాకా నాకే తట్టలేదు, ఆయన్నేమనను?

అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఆదివారం పదినుంచి పన్నెండుదాకా వంటింటి చెవి ఆయనది. ఫోన్ బీరువా మీద పెట్టేయాలి, నేను గుర్తు చేయకూడదు. అన్నిటికన్నా కష్టం ఆ ఆఖరిదే. మొదటి ఆదివారం బాల్కనీలో నవల పట్టుకు కూర్చుని మూడు విజిల్సూ నేనే లెక్కపెట్టాను. రెండో వారం రెండు. లేచి వెళ్ళకుండా కుర్చీ పట్టుక్కూర్చోవడమే సరిపోయింది.

మొన్నటి ఆదివారం నూటపన్నెండో పేజీలో ఉండగా ఎవరో భుజం తట్టారు. ఉలిక్కిపడి చూస్తే మావారు, చేతిలో గరిటె. "నాలుగుసార్లు పిలిచాను. అన్నానికి పిలిస్తే పలకవేం?" అన్నారు విసుగ్గా.

నాకు ఒక్కటీ వినపడలేదు. ఒట్టు.